పాస్‌వర్డ్ మార్చారు, మరి కుకీ సంగతి?

ప్రశ్న: నా మెయిల్ అకౌంట్‌కి గట్టి పాస్‌వర్డ్ ఉంది, ఓటీపీ కూడా పెట్టుకున్నాను. అయినా ఎవరో లోపలికి దూరి, నాకు తెలిసినవాళ్లందరికీ అర్జెంటుగా డబ్బు కావాలని మెయిల్స్ పంపారు. నా ఫోన్‌కి ఒక్క ఓటీపీ రాలేదు. వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. రెండు రోజులకి మళ్లీ అదే పని. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఓటీపీ లేకుండా ఎలా వచ్చారండీ?

కొన్ని నెలలుగా ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. ఒకరిది మెయిల్, ఒకరిది వీడియో ఛానెల్, ఇంకొకరిది ఆఫీసు అకౌంట్. చివరికి అందరిదీ ఒకటే మాట: ఓటీపీ రాలేదు. రాదు. ఎందుకంటే ఆ దొంగ అసలు లాగిన్ కాలేదు. మీరు ఎప్పుడో లాగిన్ అయి తెరిచి ఉంచిన సెషన్‌ని ఎత్తుకెళ్లి అందులో కూర్చున్నాడు.

కుకీ అనగానే చాలామందికి ప్రకటనలే గుర్తొస్తాయి. అది పుట్టింది అందుకు కాదు. వెబ్‌కి పుట్టుకతో జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ చూసి రెండో పేజీకి వెళ్లేసరికి మీరెవరో సర్వర్ మరిచిపోతుంది. ఆ మతిమరుపుకి 1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి కనిపెట్టిన మందు కుకీ. సర్వర్ చిన్న చీటీ రాసి మీ బ్రౌజర్ చేతిలో పెడుతుంది, బ్రౌజర్ వెళ్లిన ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టిన మరుక్షణం సైట్ మీకిచ్చేదీ అలాంటి చీటీనే. దాని మీద సాధారణంగా మీ పేరు కూడా ఉండదు, ఎవరూ ఊహించలేనంత పొడుగు అక్షరాల వరస ఉంటుంది. అక్కణ్నుంచి ఆ సైట్‌కి మీరంటే ఆ చీటీయే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు. ఓటీపీ గేటు దగ్గర అడిగేది. లోపల తిరుగుతున్నవాణ్ని మళ్లీ ఎవరూ అడగరు.

ఆ చీటీ ఎక్కడుంటుంది? మీ కంప్యూటర్‌లోనే, బ్రౌజర్ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా. ఎన్‌క్రిప్ట్ చేసే ఉంటుంది, కానీ తాళంచెవి కూడా అదే ఇంట్లో ఉంది. మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రాం అడిగినా తలుపు తీసే పద్ధతే చాలా ఏళ్లు నడిచింది. 2024లో బాగా వాడకంలో ఉన్న ఒక బ్రౌజర్ ఆ తాళంచెవిని తనకు మాత్రమే దక్కేలా బిగించింది. కొద్ది వారాల్లోనే దొంగలు వేరే దారి వెతుక్కున్నారు.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్‌ని ఇన్ఫోస్టీలర్ అంటారు. పాతకాలపు వైరస్‌లా ఇది కంప్యూటర్‌ని మొరాయించేలా చేయదు, తెర మీద ఏ హెచ్చరికా చూపదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, క్రిప్టో వాలెట్లు మూటగట్టి పంపేస్తుంది. కొన్ని రకాలైతే పని కాగానే తమను తామే చెరిపేసుకుంటాయి. అందుకే తర్వాత ఎప్పుడో స్కాన్ చేస్తే ఏమీ కనబడదు, "నా కంప్యూటర్ క్లీన్‌గానే ఉంది" అనుకుంటాం. ఎక్కువగా ఇది వచ్చేది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో, గేమ్‌ల చీట్ కోడ్‌లతో, ఇన్‌వాయిస్ అని చెప్పి పంపిన అటాచ్‌మెంట్‌తో. 2023 మార్చిలో కోటిన్నర మంది సబ్‌స్క్రైబర్లున్న ఒక టెక్నాలజీ యూట్యూబ్ ఛానెల్ ఇలాగే పరుల పాలైంది. స్పాన్సర్‌షిప్ ఆఫర్ అంటూ వచ్చిన ఫైల్‌ని ఉద్యోగి ఒకరు తెరిచారు, అంతే. పొద్దస్తమానం కంప్యూటర్లతోనే బతికేవాళ్లకే అలా జరిగిందంటే మిమ్మల్ని తప్పుబట్టడానికి నాకు మనసొప్పదు. కానీ క్రాక్ సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఓపిక నశించింది. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లోనే దాన్ని ఎక్కించి, యాంటీవైరస్ అడ్డుపడితే యాంటీవైరస్‌నే ఆపేసి, ఆ తర్వాత నాకు రాసేవాళ్లు ఎందరో. దయచేసి ఆ పని మానండి.

ఇంకో దారి ఉంది. అచ్చం అసలు సైట్‌లా కనిపించే నకిలీ లాగిన్ పేజీ. మీరు కొట్టిన పాస్‌వర్డ్‌ని, ఓటీపీని అప్పటికప్పుడు అసలు సైట్‌కి అందించి, తిరిగొచ్చిన కుకీని అది తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇక్కడ ఓటీపీ వస్తుంది, మీరే కొడతారు, అయినా పోతుంది. ఈ మోసాన్ని పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు మీ డివైజ్‌లో దాచి ఉంచే డిజిటల్ తాళంచెవి, ఆపుతుంది. నకిలీ చిరునామాలో అది పనే చేయదు. కంప్యూటర్‌లోకి దూరిన ఇన్ఫోస్టీలర్‌ని మాత్రం పాస్‌కీ కూడా ఆపలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. వరస ముఖ్యం, ఎందుకంటే మీరు తప్పింది అక్కడే. పాస్‌వర్డ్ మార్చింది అదే కంప్యూటర్ నుంచి అయితే, కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకి అందే ఉంటుంది. ముందు నమ్మకమైన వేరే ఫోనో కంప్యూటరో తీసుకోండి. అందులోంచి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి. దొంగ దగ్గరున్న చీటీ చెల్లకుండా పోయేది దీంతోనే. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ మెయిల్, ఫోన్ నంబర్ మీవేనా చూసుకోండి. మెయిల్ ఫార్వర్డింగ్ రూల్స్ తప్పకుండా తెరిచి చూడండి. మీ ఉత్తరాలు కాపీ అయి తనకి చేరేలా దొంగ అక్కడ ఒక రూల్ పెట్టి వెళ్తాడు, అకౌంట్ తిరిగి మన చేతికొచ్చాక కూడా అది నడుస్తూనే ఉంటుంది. అకౌంట్‌కి కలిపి ఉన్న మీరెరగని యాప్‌లను తీసేయండి. ఆ పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించుకోవడమే మేలు. అంతవరకు అందులో దేనికీ లాగిన్ కావద్దు.

సైట్లు నడిపేవాళ్లకీ ఒక మాట. పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్లని బతకనిచ్చే సైట్లు ఇంకా ఉన్నాయి. అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ అనే బటనే లేని యాప్‌లు నేను వాడుతున్నవాటిలోనే ఉన్నాయి. "నన్ను గుర్తుపెట్టుకో" గడిలో ముందే టిక్ పెట్టి, నెలల తరబడి చెల్లే చీటీ చేతిలో పెడతారు. మనిషి కంగారులో వెతికే ఆ ఒక్క బటన్‌ని ఐదు మెనూల కింద దాచడం నాకు క్షమించరాని నిర్లక్ష్యం అనిపిస్తుంది. కుకీని డివైజ్‌లోని సెక్యూరిటీ చిప్‌కి కట్టేస్తే, ఎత్తుకెళ్లినా వేరే చోట కొద్ది నిమిషాలకు మించి పనిచేయకుండా చేయొచ్చు. ఆ పద్ధతి మీద పని నడుస్తోంది. ఎంత త్వరగా అన్ని సైట్లకీ వస్తే అంత మంచిది.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటో వాడితే ఎవరికీ తెలియదు కదా?

మీ ఇంట్లో అదే కంప్యూటర్ వాడేవాళ్లకి తెలియదు, అంతే. విండోలన్నీ మూసేశాక హిస్టరీ, కుకీలు పోతాయి. మీరు చూసిన సైట్‌కీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్క్‌కీ మీ రాకపోకలు మామూలుగానే కనిపిస్తాయి. అందులో మీ అకౌంట్‌తో లాగిన్ అయితే మీ పేరు మీరే చెప్పినట్టు.

ప్రశ్న: ప్రతి సైట్‌లోనూ కుకీలకి అనుమతి అడిగే బ్యానర్‌లో ఓపిగ్గా "రిజెక్ట్" నొక్కుతున్నాను, వారానికోసారి కుకీలన్నీ తుడిచేస్తున్నాను. అయినా బ్యానర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, చూసిన వస్తువుల ప్రకటనలూ వెంటపడుతున్నాయి. ఏం చేయాలి?

బ్యానర్ మళ్లీ రావడానికి కారణం మీ తుడుపే. మీరు వద్దన్న సంగతి గుర్తుంచుకోవడానికి కూడా సైట్ ఒక కుకీనే రాసుకుంటుంది. దాన్ని తుడిచేస్తే మళ్లీ కొత్తగా అడుగుతుంది. అన్నీ తుడవకండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలని, అంటే మీరు చూస్తున్న సైట్ కాక వేరే కంపెనీలు పెట్టేవాటిని, ఆపేయండి, చాలు.

ప్రకటనలు వెంటపడటానికి మాత్రం కుకీ ఒక్కటే కారణం కాదు. పేజీలో కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మ ఉంటుంది, అది తెరుచుకోగానే మీరు వచ్చినట్టు వేరే కంపెనీ సర్వర్‌కి కబురు వెళ్తుంది. మీరు నొక్కే లింకు చివర వేలాడే పొడుగాటి తోకలో మీ గుర్తు ఉండొచ్చు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఫింగర్‌ప్రింటింగ్. మీ బ్రౌజర్ వెర్షన్, తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్ కలిపి చూస్తే అదే ఒక వేలిముద్ర అవుతుంది. 2010లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సుమారు 4.7 లక్షల బ్రౌజర్లని పరిశీలిస్తే అందులో 83.6 శాతం దేనికదే వేరుగా తేలాయి. కుకీని తుడవగలం. దీన్ని దేంతో తుడుస్తాం?

అయినా మీ ప్రశ్న చదువుతుంటే నాకు కోపం వస్తున్నది ఆ "ఓపిగ్గా" అన్న మాట దగ్గర. వద్దనడానికి మనిషికి ఓపిక ఎందుకు కావాలి? యూరప్‌లో చట్టం ఉద్దేశం స్పష్టంగానే ఉంది. అక్కడి చట్టానికి 2009లో చేసిన సవరణ, కుకీ పెట్టే ముందు అనుమతి తీసుకోమంది. 2018లో అమల్లోకి వచ్చిన డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆ అనుమతి మనస్ఫూర్తిగా ఇచ్చినదై ఉండాలంది. ముందే టిక్ పెట్టిన గడి అనుమతి కిందికి రాదని 2019 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. సైట్లు ఏం చేశాయి? "అన్నీ ఒప్పుకుంటున్నాను" అనేదాన్ని పెద్ద రంగు బటన్‌గా పెట్టి, "వద్దు" అనేదాన్ని సెట్టింగ్స్ వెనక బూడిదరంగు అక్షరాల్లో దాచాయి. ఒప్పుకోవడం ఒక్క నొక్కుడులో అయిపోతూ, కాదనడానికి చాలా నొక్కుళ్లు పడుతున్నాయని ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2022 జనవరిలో రెండు పెద్ద కంపెనీలకి 15 కోట్లు, 6 కోట్ల యూరోల జరిమానాలు ప్రకటించింది. ఇప్పటికీ చాలా చోట్ల ఆ బూడిదరంగు అలాగే ఉంది.

ఈ బ్యానర్లు అసలు అక్కర్లేదు. "నన్ను వెంబడించొద్దు" అని బ్రౌజర్‌లో ఒక్కసారి చెబితే అన్ని సైట్లూ వినాలనే ఆలోచన 2009 నుంచే ఉంది. బ్రౌజర్లు ఆ సెట్టింగ్ పెట్టాయి కూడా. వినాలని చట్టం లేదు గనక సైట్లు వినలేదు. 2020లో అదే ఆలోచన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ పేరుతో తిరిగొచ్చింది. ఈసారి దాని వెనక కాలిఫోర్నియా చట్టం ఉంది. ఈ సిగ్నల్‌ని లెక్కచేయలేదన్నది ఒక ప్రధాన ఆరోపణగా 2022లో అక్కడ ఒక సౌందర్య సాధనాల కంపెనీ 12 లక్షల డాలర్లు కట్టుకోవాల్సి వచ్చింది. కొన్ని బ్రౌజర్లలో ఈ సెట్టింగ్ ఇప్పటికే ఉంది. మీ బ్రౌజర్ ప్రైవసీ పేజీలో వెతికి ఆన్ చేయండి. అందులో లేకపోతే, ఉన్న బ్రౌజర్‌కి మారండి.