సైజు కుదరని బెల్టును వెనక్కి తీసుకోనంటే?

ప్రశ్న: డ్రెస్ మీద నడుముకు పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో బెల్టు కొన్నాను. నా జీన్స్ సైజు 32 కాబట్టి 32 అంగుళాలదే తీసుకున్నాను. ఆఖరి రంధ్రంలో పెట్టినా జారిపోతోంది. ‘సైజు కుదరకపోతే వాపసు లేదు’ అని అమ్మకందారు తేల్చి చెప్పేశారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే మీ కేసు నిలబడుతుందో లేదో ఒక్క కొలతతో తేలిపోతుంది. ముందు ఆ పని చూడండి.

బెల్టును బల్ల మీద తిన్నగా పరచండి. బకిల్ పట్టీకి కలిసే చోట టేపు పెట్టి మధ్య రంధ్రం దాకా కొలవండి. అయిదు రంధ్రాలుంటే మూడోది. మామూలుగా బెల్టు సైజంటే ఈ కొలతే, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే మొత్తం పొడవు కాదు. కొందరు బకిల్‌ను కూడా కలిపి లెక్కిస్తారు కనుక వారి సైజు చార్టులో ఏముందో చూసుకోండి. టేపు మీద అంకె కనపడేలా ఫొటో తీయండి.

అంకె 35 వచ్చిందనుకుందాం. అప్పుడు న్యాయం మీ వైపు ఉంది. చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ‘వాపసు లేదు’ అని వారు రాసుకున్న షరతు ఈ నియమాన్ని దాటలేదు.

సరిగ్గా 32 వస్తే మాత్రం కష్టమే. జీన్స్ తుంటి దగ్గర నిలుస్తుంది, డ్రెస్ మీది బెల్టు సన్నటి నడుము దగ్గర కూర్చుంటుంది. ఈ రెండు చోట్లా కొలత చాలామంది ఆడవాళ్లకు ఒకటిగా ఉండదు. చెప్పిన సైజే పంపితే వాపసు తీసుకోవాలా వద్దా అన్నది వారి రిటర్న్ పాలసీని బట్టే ఉంటుంది. అయినా వెంటనే వదిలేయకండి. కొనేముందు నిర్ణయం తీసుకోవడానికి అవసరమైన వివరాలన్నీ ఇవ్వడం అమ్మకందారు బాధ్యత. ‘మీ జీన్స్ సైజే తీసుకోండి’ అని పేజీలో రాసి ఉంటే, అది తప్పుదోవ పట్టించడమే అని వాదించవచ్చు. ఆ పేజీ మారిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: తేలేదాకా బెల్టుకు కొత్త రంధ్రం వేయించకండి, కొస కత్తిరించకండి. మార్పు చేసిన వస్తువును చూపిస్తే అవతలివారికి మీరే సాకు అందించినట్టవుతుంది. ట్యాగు కూడా తీయకండి.

ముందుగా మీరు కొన్న ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఫొటోలతో రాయండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, అమ్మకందారు ఉండే ఊరికి వెళ్లక్కర్లేదు. వస్తువు విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. లాయరును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదులో అమ్మకందారునీ ప్లాట్‌ఫాంనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే, తప్పు రెండోవారిదని తప్పించుకోజూస్తారు.