పెరటి పని, ఇంటి రంగులు, కాలేజీ పరీక్షలు: చదివింది గుర్తుండటం లేదు

ప్రశ్న: నా వయసు 42. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాం. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరాను. మే మొదటి వారంలో ఫైనల్స్ ఉన్నాయి. ఉగాది వెళ్లినప్పటి నుంచి పెరట్లో ఆకులు ఎత్తడం, గడ్డి కోయడం, మల్చ్ (మొక్కల చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు) వేయడం, కూరగాయల మడులు తవ్వడం, 1960లలో కట్టిన మా ఇంట్లో పాత రంగు గీకి కొత్తది వేయడం అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. రాత్రి ఒంటిగంట దాకా చదివి, ఆరింటికి లేస్తున్నాను. తుమ్ములకు రోజూ రాత్రి డైఫెన్‌హైడ్రమిన్ మాత్ర, నడుం నొప్పికి నాప్రోక్సెన్ వేసుకుంటున్నాను. చదివింది మర్నాటికి గుర్తుండటం లేదు. ఈ వయసులో చదువు నావల్ల కాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మతిమరుపు వయసు వల్ల వచ్చిందని నేను అనుకోవడం లేదు. మీరు రాసిన దినచర్యలోనే దానికి రెండు బలమైన కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది నిద్ర. పగలు చదివిన విషయాలను మెదడు నిద్రలోనే పదిలపరుచుకుంటుంది. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. మీరు 5 గంటలు మాత్రమే పడుకుంటున్నారు. రాత్రి పదకొండు తర్వాత చదివే రెండు గంటల వల్ల కలిగే లాభం కంటే, ఆ నిద్ర పోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఈ విషయంలో మరింత పట్టుదలగా ఉండండి.

రెండో కారణం మీరు వేసుకుంటున్న అలర్జీ మాత్ర. డైఫెన్‌హైడ్రమిన్ పాతతరం మందు. అది మెదడులోకి తేలిగ్గా చేరి, జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం మర్నాడు ఉదయం వరకూ ఉండవచ్చు. మగతగా అనిపించకపోయినా చురుకుదనం తగ్గి ఉంటుంది కాబట్టి కారు నడిపేటప్పుడు, గడ్డి కోసే యంత్రం వాడేటప్పుడు కూడా అది ప్రమాదమే. దాన్ని మానేసి, మీ డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడిగి, అంతగా మత్తు కలిగించని లోరటడిన్ గానీ ఫెక్సోఫెనడిన్ గానీ వాడండి. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో కాకుండా మంచినీళ్లతోనే వేసుకోవాలి. ముక్కులో కొట్టుకునే ఫ్లూటికాసోన్ స్ప్రే తుమ్ములకు బాగా పనిచేస్తుంది గానీ, పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది; అందుకే తుమ్ములు వచ్చినప్పుడు మాత్రమే కాకుండా రోజూ వాడాలి.

మీ ప్రాంతంలో ఏప్రిల్‌లో ఓక్, మేపుల్, బర్చ్ చెట్ల పుప్పొడి గాలిలో ఎక్కువగా ఉంటుంది. మే చివర, జూన్‌లలో గడ్డి పుప్పొడి వంతు వస్తుంది. పొడిగా, గాలి వీస్తున్న రోజున ఆకులు ఎత్తకుండా, వాన వెలిశాక మాస్కు పెట్టుకుని ఆ పని చేయండి. లోపలికి రాగానే తలతో సహా స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పుస్తకాల దగ్గర కూర్చోండి. తలలో చిక్కుకున్న పుప్పొడి దిండు మీదికి చేరితే రాత్రంతా తుమ్ములు తప్పవు.

నడుం విషయానికి వస్తే, ల్యాప్‌టాప్ ముందు గంటల తరబడి వంగి కూర్చుంటే వెన్ను వెనుక భాగంలోని లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) సాగి ఉంటాయి. ఆ స్థితిలో లేచిన వెంటనే సుమారు 18 కిలోలుండే మల్చ్ సంచి ఎత్తితే భారమంతా వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద పడుతుంది. నిద్ర లేచిన మొదటి గంటలో కూడా డిస్కులు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి కనుక అప్పుడు వంగి తవ్వడం మంచిది కాదు. చదువుకీ పెరటి పనికీ మధ్య పది పదిహేను నిమిషాలు నడవండి. సంచులు ఎత్తే పని ఇంట్లో మిగతావారికి అప్పగించండి. మీరొక్కరే చేయాల్సిన పని కాదది. నొప్పి ఉందని మంచం పట్టకుండా, వేడి కాపడం పెట్టుకుంటూ మామూలుగా తిరగండి. నాప్రోక్సెన్‌ను డాక్టర్ చెప్పకుండా 10 రోజులకు మించి వాడకూడదు, దానితో పాటు అదే రకం నొప్పి మందైన ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. కడుపులో పుండ్లు, రక్తపోటు, కిడ్నీ సమస్య ఉన్నవారు అడగకుండా అసలు వాడకూడదు.

మీరు రాసిన పనుల్లో పరీక్షలయ్యే దాకా ఆగనిది గడ్డి కోత ఒక్కటే. మీ దగ్గర మే మధ్య వరకూ రాత్రి చలికి లేత మొక్కలు మాడిపోయే ప్రమాదం ఉంటుంది. బీర, సొర, గోంగూర నారు అంతకుముందు బయట నాటినా దక్కదు కాబట్టి, ఏప్రిల్‌లో మడులు తవ్వాలన్న తొందరేమీ లేదు. మల్చ్ కూడా మేలో వేసుకోవచ్చు. రంగు గీకే పని మాత్రం ఈ రోజే ఆపండి. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులు వాడటాన్ని 1978లో నిషేధించారు. మీ ఇల్లు అంతకుముందుది. గీకినప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటే, అది మెదడుకీ నరాలకీ హాని చేస్తుంది. ముందుగా రంగును పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే ఆ పని సీసం రంగులతో పనిచేయడానికి సర్టిఫికెట్ ఉన్నవారికే అప్పగించి, మీ రక్తంలో సీసం ఎంత ఉందో కూడా చూపించుకోండి.

పెరట్లో పనిచేసిన రోజు మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ, తలలో గోమార్లు పట్టాయేమో చూసుకోండి. కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగేయాలి. తర్వాతి నెలలోపు ఎర్రటి మచ్చ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, గోమార్ల కాటు వల్ల సోకే లైమ్ వ్యాధి ఏమో చూపించుకోవడానికి డాక్టర్‌ను కలవండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

నడుం నొప్పితో పాటు కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం, మల విసర్జన మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మాత్ర మార్చి, 7 గంటలు నిద్రపోయినా రెండు మూడు వారాల్లో మతిమరుపు తగ్గకపోతే హిమోగ్లోబిన్, విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. శాకాహారులైతే బి12 పరీక్షకు ఆగనక్కర్లేదు, ఇప్పుడే చేయించుకోవచ్చు.