లెక్కకు వచ్చేది రిజిస్ట్రేషన్ జరిగిన రోజే

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే నా మిత్రుడు, తన గోదాముకు పార్టీని తెచ్చి రిజిస్ట్రేషన్ అయితే రెండు లక్షలు ఇస్తానని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాడు. నేను సంతకం చేయలేదు. బరంపురం పార్టీని తెచ్చాను. ఆ తరువాత నాతో మాట మానేసి, 2023 నవంబరులో అదే పార్టీకి అమ్మేశాడు. అడిగితే, అది ఏకపక్ష కాగితం, చెల్లదంటున్నాడు. బాధతో వాట్సాప్ సంభాషణ చెరిపేశాను. ఇరవై ఏళ్ల స్నేహం. కాగితం మీద పాత తేదీతో ఇప్పుడు నా సంతకం పెట్టవచ్చా? - కాశీబుగ్గ పాఠకుడు

జవాబు: స్నేహం సంగతి కోర్టుకు అక్కర లేదు. మీరు తెచ్చిన పార్టీకే రిజిస్ట్రేషన్ జరిగిందని రుజువు చేయగలరా అన్నదే ప్రశ్న.

ఒకరే సంతకం చేసినంత మాత్రాన ఒప్పందం ఏకపక్షం కాదు. ఒకరు మాట ఇచ్చి, రెండోవారు ఆ పని చేసి చూపడమే అంగీకారమైనప్పుడు దాన్ని ఏకపక్ష ఒప్పందం అంటారు. మీది అలాంటిదే, అంతమాత్రాన చెల్లకుండా పోదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 8వ సెక్షన్ ప్రకారం షరతును నెరవేర్చడమే అంగీకారం కనుక మీ సంతకం లేకపోవడం లోపం కాదు. మీరు పార్టీని వెతకకపోయినా మీపై దావా ఉండేది కాదు. అలాగే షరతు నెరవేరేదాకా ఆయన డబ్బు ఇవ్వకపోవడం ఉల్లంఘన కాదు. మే నెలాఖరుకు వంద బస్తాల జీడిపిక్కలు దింపుతానని ఒకరు, ధర చెల్లిస్తానని మరొకరు మాట ఇచ్చుకుని ఉంటే, గడువుకు ముందే ‘దింపను’ అన్న రోజునే 39వ సెక్షన్ కింద ఉల్లంఘనగా తీసుకునే వీలుండేది. మీ విషయంలో ఆయన మాట మానేసిన రోజుకు విలువ లేదు. రిజిస్ట్రేషన్ రోజు నుంచే లెక్క పెట్టుకోండి.

కాగితం మీద తేదీ ఉందో లేదో మీరు రాయలేదు, అది ముఖ్యం. తప్పిపోయిన పిల్లవాడిని బహుమతి ప్రకటన సంగతి తెలియకుండానే వెతికిపెట్టిన లాల్‌మన్ శుక్లా అనే ఉద్యోగి 1913లో అలహాబాదు హైకోర్టులో ఓడిపోయాడు. అందువల్ల కాగితం ముందు, పార్టీ తరువాత అని తేలాలి.

ఆ పాత తేదీ సంతకం మాత్రం పెట్టకండి. అవసరమే లేని సంతకంతో చేతిలో ఉన్న ఒక్క పత్రాన్నీ అనుమానం పాలు చేసి, ఫోర్జరీ ఆరోపణను కొని తెచ్చుకుంటారు. వాట్సాప్ చెరిపేయడం శుద్ధ అజాగ్రత్త. కొనుగోలుదారు ఫోనులో సందేశాలుంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కోరే, ఎలక్ట్రానిక్ రికార్డును ధృవీకరించే సర్టిఫికెట్‌తో దాఖలు చేయవచ్చు. ఆయన సాక్ష్యమే మీకు ప్రాణం.

కాలపరిమితి చట్టం, 1963లోని 55వ ఆర్టికల్ ప్రకారం దావా వేయడానికి గడువు మూడేళ్లు, అంటే 2026 నవంబరు. నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు, పెరగదు. గడువులోగా మీ మిత్రుడు బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తేనే కొత్త గడువు మొదలవుతుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విక్రయ దస్తావేజు ధృవీకృత నకలు తీసుకుని, పదిహేను రోజుల గడువుతో లాయరు నోటీసు పంపి, స్పందించకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి. తెల్లకాగితం కనుక స్టాంపు సుంకం, దానిపై జరిమానా కట్టాల్సి రావచ్చు.