మీ ప్రశ్నలకు మా జవాబులు: షావుకారు జానకి

ప్రశ్న: ‘అన్నీ మంచి శకునములే’లో షావుకారు జానకి గారిని చూసి మా అమ్మమ్మ, “మా చిన్నప్పుడు ఈవిడ రామారావు పక్కన హీరోయిన్” అన్నారు. ఇంతకాలం ఆవిడ ఎలా నిలబడగలిగారు? తెలుగావిడే అయినా తెలుగులో తక్కువగా కనిపించారెందుకు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అమ్మమ్మ గారి మాట నిజమే. 1950లో విజయా వారి తొలి చిత్రంగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ‘షావుకారు’లో ఎన్.టి. రామారావు సరసన సుబ్బులుగా నటించిన జానకి గారికి ఆ చిత్రం పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ‘అన్నీ మంచి శకునములే’ విడుదలైనది 2023లో. అంటే ఈ రెంటి మధ్య డెబ్బై మూడేళ్ల దూరం ఉంది.

1931లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఆమెను ముందుగా లోకానికి పరిచయం చేసింది ముఖం కాదు, గొంతు. మద్రాసు రేడియో నాటకాల్లో ఆ గొంతు విని బి.ఎన్. రెడ్డి సినిమాకు పిలిచినా, ఇంట్లోవారు ససేమిరా అని పెళ్లి చేసేశారు. పెళ్లై, బిడ్డ పుట్టాక, సంసారం గడవడం కోసం ఆమే అవకాశం వెతుక్కుంటూ వచ్చారు. సరదా కొద్దీ కాక అవసరం కొద్దీ ఈ వృత్తిలోకి వచ్చినందువల్లనే కాబోలు, పాత్ర చిన్నదా పెద్దదా, వయసెంత అన్న పట్టింపు ఆమెలో కనబడదని నాకనిపిస్తుంది.

1955లోనే ‘రోజులు మారాయి’లో అక్కినేని సరసన కథానాయికగానూ, ‘కన్యాశుల్కం’లో వితంతువు బుచ్చమ్మగానూ కనిపించారు. అయితే ఆమె నటన తెలియాలంటే ‘మంచి మనసులు’ (1962) చూడాలి. అందులో ఆమె అంధురాలు. భర్త హంపి శిల్పాలను పాటలో వర్ణిస్తుంటే, అతని గొంతు వచ్చే వైపు ముఖం తిప్పి, చూపును మాత్రం ఎక్కడా ఆననివ్వకుండా, వింటున్న ఆనందమంతా పెదవుల మీదకే తెచ్చుకుంటారు. కళ్లతో నటించడం అలవాటైన వారికి కళ్లను పక్కన పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక మీ రెండో సందేహం. సావిత్రి, అంజలీదేవి, జమున వెలుగుతున్న ఆ రోజుల్లో తెలుగులో జానకి గారికి ఎక్కువగా కన్నీటి పాత్రలే దక్కాయన్నది నా అభిప్రాయం. తమిళంలో అలా కాదు. ‘పుదియ పరవై’ (1964)లో శివాజీ గణేశన్ ఎదుట మెరుపు దుస్తుల్లో క్లబ్బు గాయనిగా కనిపించిన ఆమే, కె. బాలచందర్ ‘ఎదిర్ నీచ్చల్’ (1968)లో గడసరి ఇల్లాలిగానూ, ‘ఇరు కోడుగళ్’ (1969)లో ఒకప్పటి భర్త గుమాస్తాగా ఉన్న కార్యాలయానికే పైఅధికారిగా వచ్చే కలెక్టరుగానూ నటించారు. ఆ కలెక్టరు పేరూ జానకే. ఆ కథ 1972లో ‘కలెక్టర్ జానకి’గా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ పాత్రను జమున గారు ధరించారు. తెలుగింటి ఆడపడుచు పొరుగు భాషలో ప్రాణం పోసిన పాత్ర, ఆమె లేకుండానే పుట్టింటికి వచ్చిందన్న మాట. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

1981లో ‘తిల్లు ముల్లు’లో హాస్యమూ పండించారు. 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చేనాటికి ఆమెకు తొంభై ఏళ్లు. వీలైతే మీ అమ్మమ్మ గారితో కలిసి ముందు ‘షావుకారు’, ఆ వెంటనే ‘ఇరు కోడుగళ్’ చూడండి. తమిళం రాకపోయినా ఫరవాలేదు, ఆ గొంతు మీకు తెలిసినదే.