గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సంతకం పెట్టమంటే భయపడాలా?

స్ట్రోక్‌కి ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావం అవుతుందంటారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. అవుతుంది, అబద్ధం కాదు. అయినా మా నాన్నకి ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

పొద్దున ఆరున్నరకి కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారింది. మూతి ఎడమకి లాగేసింది, మాట ముద్దయిపోయింది. ఎనిమిదిన్నరకల్లా సీటీ స్కాన్ అయింది. మెదడులో రక్తనాళం చిట్లిందా, గడ్డ అడ్డుపడిందా తేల్చేది అదే. చిట్లి ఉంటే ఈ మందు దగ్గరికే రానివ్వరు.

"వందలో ఆరుగురికి రక్తస్రావమై పరిస్థితి దిగజారొచ్చు" అన్నారు డాక్టరు. నా చెయ్యి ఆగిపోయింది. బాబాయి ఫోన్లో "వద్దురా" అన్నారు. ఆ లెక్క 1995 నాటి అమెరికా ట్రయల్‌దని తర్వాత చదివాను: మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం, తీసుకోనివాళ్లలో 0.6 శాతం. కానీ అందులోనే మూడు నెలలకి చనిపోయినవాళ్లు మందు వేసినవైపు 17 శాతం, వేయనివైపు 21. పెద్దగా వైకల్యం లేకుండా కోలుకున్నవాళ్లు కూడా మందు వేసినవైపే ఎక్కువ. బాబాయికి ఈ సగం ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు. ఇరవై నిమిషాలు ఫోన్లలోనే పోయాయి. అదృష్టం, బీపీ 200 దాటి ఉండటంతో అప్పటికి దాన్ని 185/110 కిందికి దించే పనిలోనే ఉన్నారు. దించకుండా వేస్తే ముప్పు పెరుగుతుంది.

ఆలస్యమయ్యేకొద్దీ రక్తం అందని చోట రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. గడ్డ కరిగి రక్తం మళ్లీ పారేసరికి అవి తట్టుకోలేవు. స్ట్రోక్ మొదలైనప్పట్నుంచి నాలుగున్నర గంటల్లోపే ఈ మందు వేయాలని గడువు పెట్టింది అందుకే.

మందు పదోవంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు ఎక్కించారు. పావుగంటకోసారి బీపీ పట్టీ బుసబుసమని ఉబ్బేది. నర్సు వంగి "బాబాయ్, తల నొస్తోందా? చెయ్యెత్తు" అనేది. తలనొప్పి, వాంతి, మత్తు ఏది మొదలైనా మందు ఆపేసి మళ్లీ స్కాన్‌కి తీసుకెళ్తారట.

మర్నాటి స్కాన్‌లో చిన్న రక్తపు మరక కనిపించింది! నాన్నకి మాత్రం ఏ తేడా లేదు. స్కాన్‌లో కనిపించినదల్లా ఆ ఆరుగురి లెక్కలోకి రాదని అప్పుడు తెలిసింది. ఆస్పిరిన్ మొదలుపెట్టడం మాత్రం కొన్ని రోజులు వాయిదా వేశారు.

ఇప్పుడు కుడిచేత్తోనే అన్నం కలుపుకుంటారు, చొక్కా గుండీలు అమ్మ పెడుతుంది.

మీవాళ్లు రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా డాక్టరు అడక్కముందే చెప్పండి. ఆఖరుసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నారో కూడా. హడావుడిలో నేను ఏడున్నర అనేశాను, అమ్మ సరిదిద్దింది.