ట్రేడ్‌ని ఆ రోజు కళ్లతో చూడు

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. మన టొరంటో ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ ఏ ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి బేరం) చేసినా ఆ రాత్రే ఫోన్ చేసి "నష్టపోయామా మామయ్యా?" అని టెన్షన్ పడుతున్నావు. టొరంటో వచ్చినప్పటి నుంచీ ఈ ఆట చూస్తున్నాను కాబట్టి, నేను లెక్క వేసే తీరు రాస్తున్నాను.

2009 సెప్టెంబరులో బోస్టన్ జట్టు నుంచి ఫిల్ కెసెల్ అనే ఆటగాడిని తెచ్చుకున్నాం. బదులుగా డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, రెండు మొదటి రౌండ్ పిక్‌లు (ఎంచుకునే వంతులు), ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చాం. ఆ మొదటి రౌండ్ పిక్‌లతో బోస్టన్ 2010లో టైలర్ సెగిన్‌ను, 2011లో డగీ హామిల్టన్‌ను తీసుకుంది. 2011లో లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పూ గెలిచింది. ఇక్కడ జనం కెసెల్‌ను తిట్టారు. నేనూ తిట్టాను, అది నా తప్పు. ఆరు సీజన్లలో అతను మనకు 181 గోల్స్ కొట్టాడు. బేరం చేసింది అతను కాదు కదా! ముందు ఆటగాడిని, బేరాన్ని వేరు చేసి చూడు.

తర్వాత ఏం జరిగిందో కాసేపు పక్కన పెట్టి, సంతకాలు చేసిన రోజుకి వెళ్లు. అప్పటికి మనం 2004 తర్వాత ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే చివరి దశ) ముఖం చూడలేదు. ఆ వేసవి డ్రాఫ్ట్‌లో మన పిక్ ఏడోది. సాధారణంగా అడుగున నిలిచిన జట్లకే ముందు పిక్‌లు వస్తాయి, అంటే అడుగు జట్లలో ఒకళ్లం. నూజివీడు వైపు మామిడితోటను పూత మీదే అమ్మేస్తారు చూడు, గాలివాన వస్తే నష్టం కొన్నవాడిది. రాబోయే ఏళ్ల పిక్‌లు ఇవ్వడమూ అలాంటిదే. కానీ ఇక్కడ తిరకాసు ఏమిటంటే, మన తోట ఎంత దెబ్బతింటే కొన్నవాడికి అంత మంచి కాయ దొరుకుతుంది. బేరం తర్వాతి సీజన్లో 30 జట్లలో మనం 29వ స్థానంలో నిలిచాం, మొత్తం డ్రాఫ్ట్‌లోనే రెండో పిక్ బోస్టన్ చేతికి పోయింది. "పిక్ మరీ ముందుకొస్తే ఈ ఏడాది ఇవ్వం, వచ్చే ఏడాదిది తీసుకో" అని షరతు పెట్టుకోవచ్చు. మనవాళ్లు పెట్టలేదు. నా దృష్టిలో తప్పు అక్కడే ఉంది, అది ఆ రోజే కనిపించేది కూడా.

అవతలివాళ్ల అవసరం కూడా చూడు. జీతాల క్యాప్ (జట్టు మొత్తం జీతాలపై పరిమితి) వల్ల బోస్టన్‌కు కెసెల్‌ను నిలుపుకోవడం కష్టమైంది. మనం అతనికి ఐదేళ్లకు 2.7 కోట్ల డాలర్లు ఒప్పుకున్నాం. అవతలివాళ్లు ఇరుకులో ఉన్నప్పుడు ఇంకాస్త గట్టిగా బేరమాడాల్సింది.

కప్పునంతా ట్రేడ్ ఖాతాలో వేయకు. 2011లో బోస్టన్‌ను గట్టెక్కించింది ముఖ్యంగా గోలీ (గోల్‌కీపర్) టిమ్ థామస్. అలాగే సెగిన్‌ను 2013లో డల్లాస్‌కూ, హామిల్టన్‌ను 2015లో కాల్గరీకీ పంపేశారు కాబట్టి బోస్టన్‌కూ మిగిలిందేమీ లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అవి వేరే బేరాలు, వాటి లెక్క వేరే.

ఈసారి ట్రేడ్ వార్త రాగానే, ఎవరి మాటా వినకముందే ఒక కాగితం మీద రాసిపెట్టు: మన జట్టు స్థానం, ఇచ్చిన పిక్‌లు, వాటికున్న షరతులు, వచ్చినవాడి వయసు, జీతం, ఇంకా ఎన్నేళ్ల కాంట్రాక్టు ఉందో. తేదీ వెయ్యడం మరచిపోకు. శనివారం ఆటకు వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా, కలిసి చూద్దాం. అత్తయ్య పులిహోర చేస్తానంది.

ఇట్లు,
మామయ్య