‘ఐ5’ అంటే సరిపోదు, ఏ ఐ5? – కంప్యూటర్ కొనేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి విజయవాడలో బీటెక్ సీఎస్‌ఈ సీటు వచ్చింది, రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తాడు. ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ అయితే పదికాలాలు ఉంటుందని మా బావమరిది అంటున్నాడు. షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: ‘ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌస్. మొత్తం 50,000.’ తీసుకోవచ్చా? ఇంతకు మించి మా దగ్గర లేదు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఈ కాగితం మీద మాత్రం తీసుకోకండి. అబ్బాయి రోజూ ఇంటికి వస్తాడు కాబట్టి డెస్క్‌టాప్ మంచిదే, మీ బావమరిది సరిగ్గానే చెప్పారు (హాస్టల్లో ఉండేవాడైతే నేనే ల్యాప్‌టాప్ కొనమనేవాణ్ని). కానీ ఈ కొటేషన్‌లో ఒక్క వస్తువుకీ మోడల్ నంబరు లేదు, మదర్‌బోర్డు ప్రస్తావనైతే అసలే లేదు. పెళ్లి సంబంధం తెచ్చినాయన ‘అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు’ అంటే అంతటితో ఊరుకుంటామా, ఏం ఉద్యోగం, ఎక్కడ, పర్మనెంటేనా అని అడగమా? ఇంటెల్ ప్రాసెసర్లకి ఐ5 అనే పేరు 2009 నుంచి ఉంది. 2011లో వచ్చిన 2400 కూడా ఐ5 ప్రాసెసరే, పన్నెండో తరం 12400 కూడా ఐ5 ప్రాసెసరే, రెండిటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ముందు షాపుకి వెళ్లి ప్రతి వస్తువు పక్కన కంపెనీ, మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో రాసిమ్మనండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోవడమే.

ఇక గ్రాఫిక్స్ కార్డు తీసేయించండి. ఇలాంటి కొటేషన్లలో ‘4 జీబీ గ్రాఫిక్స్’ అని ఉంటే అది చాలాసార్లు జీటీ 730 అయి ఉంటుంది, ఆ మోడల్ 2014 నాటిది. 4 జీబీ అన్నది దాని మీదున్న మెమరీ మాత్రమే, దాని బలం కాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లో లోపలే ఉన్న గ్రాఫిక్స్ దానికన్నా మెరుగ్గా పనిచేస్తుంది. మొదటి రెండేళ్లు అబ్బాయి చేసేది సీ, పైథాన్, జావా, కాస్త డేటాబేస్ పని. వీటికి కార్డు అక్కర్లేదు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేటప్పుడు, నెట్ ద్వారా గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడిపే గూగుల్ కొలాబ్‌లో కొంతమేర ఉచితంగానే నడుపుకోవచ్చు. తర్వాత నిజంగా అవసరమైతే అప్పుడు వేయించుకోవచ్చు, స్లాటు ఎక్కడికీ పోదు.

నన్నడిగితే రెండు దారులు. ఒకటి రైజెన్ 5 5600జీ (లేదా 5600జీటీ), దానికి బీ450 గానీ బీ550 గానీ మదర్‌బోర్డు. రెండోది ఇంటెల్ ఐ3-12100 లేదా కాస్త డబ్బు మిగిలితే ఐ5-12400, దానికి హెచ్610 బోర్డు. రెండు దారుల్లోనూ 65 వాట్ల తరగతి ప్రాసెసర్లే, డబ్బాలో వచ్చే ఫ్యానే చాలు. 5600జీ కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడింది, ఇప్పుడు కొత్తదైన ఏఎం5 కొనాలి అనే మిత్రులు ఉంటారు, వాళ్ల మాట తప్పు కాదు, కానీ ఏఎం5లో కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్ప పట్టదు, మీ 50,000లో మానిటర్ కూడా రావాలి కదా. ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్కులుంటే దానికి దారి రెట్టింపు వెడల్పవుతుంది.

అన్నిటికన్నా నేను భయపడేది ‘ఎస్‌ఎంపీఎస్‌తో క్యాబినెట్’ అన్న మాటకి. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా. దాని పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. 450 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద చిన్న పట్టికలో 12వీ అన్నచోట ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 16 అని ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కరెంటు తీసుకునేది దాదాపుగా ఈ 12 వోల్టుల లైను నుంచే, కాబట్టి అది పేరుకే 450. నిజమైన 450 వాట్ల దానిమీద అదే చోట 35 ఆంపియర్లకి అటూఇటూ కనిపిస్తుంది, చేతిలోకి తీసుకుంటే బరువు కూడా తెలుస్తుంది. మీ కంప్యూటర్ మొత్తం వాడేది మహా అయితే 150 వాట్లే, చవకదైనా నడుస్తుంది కదా అంటారు షాపులో. నడుస్తుంది. కానీ వోల్టేజి ఎగిరినప్పుడు మంచిది తనంతట తాను ఆగిపోతుంది లేదా తానొక్కటే పోతుంది, చవకది పోతూ పోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు), మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఉన్నది విడిగా కొనండి. ఆ డబ్బుకి కావాలంటే క్యాబినెట్‌లో తగ్గించుకోండి, రంగురంగుల లైట్లు లేని మామూలు క్యాబినెట్‌కి వచ్చిన లోటేమీ లేదు, గాలి ఆడితే చాలు.

ఇంకో మాట. డెస్క్‌టాప్ బోర్డుల్లో చవక వాటిలో వైఫై ఉండదు. ఇంటికి తెచ్చాక ‘నెట్ రావట్లేదు’ అనకుండా ముందే అడగండి, లేకపోతే చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొంటే పనైపోతుంది. సికింద్రాబాద్ వెళ్లే పని ఏదైనా ఉంటే పార్క్‌లేన్ దగ్గర కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కూడా ఇదే లిస్టుకి ధర అడగండి. అక్కడే కొనమని కాదు, నంబర్లు రాసున్న రెండు కాగితాలు చేతిలో ఉంటే బేరం సులువు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘కోర్ ఐ5, 16 జీబీ, 1 టీబీ, విండోస్ 11, మానిటర్‌తో సహా 15,000’ అని చూశాను. కిరాణా షాపు లెక్కలకీ పిల్లల చదువుకీ కావాలి. మోసమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మోసం అనలేమండీ, చెప్పింది అబద్ధం కాదు, చెప్పనిదే ఎక్కువ. ఆ ఐ5 మొదటి తరమో, రెండో తరమో అయి ఉంటుంది, ర్యామ్ పాత తరం డీడీఆర్3, అంటే రేపు బోర్డు పోతే ఆ ప్రాసెసరూ ర్యామూ కొత్త బోర్డుకి పనికిరావు. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా అడిగేది ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. పాత వాటిలో అడ్డదారిన ఎక్కిస్తారు, ఎక్కుతుంది కూడా, కానీ అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో ఎవరూ పూచీ ఇవ్వరు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది కాబట్టి వెనక్కి వెళ్లే దారీ లేదు.

మీ బడ్జెట్ అంతే అయితే కొత్తది వద్దు, ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ మెషిన్ చూడండి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పేర్లతో దొరుకుతాయి. ప్రాసెసర్ నంబరు 8 వేలల్లో మొదలవ్వాలి, ఐ5-8500 అయితే ఆరు కోర్లు, మీ లెక్కలకీ పిల్లల క్లాసులకీ ధారాళంగా సరిపోతుంది. కొనే ముందు అక్కడే ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట ప్రాసెసర్ పూర్తి పేరు మీ కళ్లతో చూడండి. లోపల హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించమనండి, ఆ ఒక్క మార్పుతో మెషిన్ మీకు కొత్తదానిలా అనిపిస్తుంది.

ప్రశ్న: ఐ5-12400ఎఫ్ చవగ్గా వచ్చిందని కొన్నా. అంతా బిగించాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం ‘నో సిగ్నల్’. కేబుల్ మార్చాను, ర్యామ్ మార్చాను. ఒకటే టెన్షన్.
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఏమీ పాడవలేదు తమ్ముడూ, ఆ చివర ఎఫ్ ఉంది చూశావా, అది ఉంటే ప్రాసెసర్లో గ్రాఫిక్స్ లేనట్టే, అందుకే చవక. బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దాని వెనక బొమ్మ తయారుచేసేది ఏదీ లేదు. కార్డు ఒకటి పెట్టాలి, లేదా షాపువాళ్లు ఒప్పుకుంటే ఎఫ్ లేని 12400కి మార్చుకోవాలి. గేమ్స్ ఆడే ఉద్దేశం లేకపోతే రెండోదే మేలు. ఏఎండీలో కూడా ఇలాగే జాగ్రత్త, 5600, 5500 రెండిటిలోనూ గ్రాఫిక్స్ ఉండదు, చివర జీ గానీ జీటీ గానీ ఉన్నవాటిలో ఉంటుంది.

ప్రశ్న: కొత్త కంప్యూటర్ తీసుకుని నెల కాలేదు. క్యాబినెట్ వెనకవైపు స్క్రూ మీద చెయ్యి పడితే జివ్వుమంటోంది, టెస్టర్ పెడితే వెలుగుతోంది. షాపువాళ్లు ‘మా వస్తువులో లోపం లేదు’ అంటున్నారు. చెప్పులు వేసుకుని కూర్చుంటున్నాం.
– ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: షాపువాళ్లు చెప్పింది చాలావరకు నిజమే టీచర్ గారూ, లోపం ఇంటి ఎర్తింగ్‌లో ఉండి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని గోలని వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఫేజ్ నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ మధ్యలో వేలాడుతుంది, 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా చూపిస్తుంది, అందుకే టెస్టర్ వెలిగింది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటోంది. కానీ అదే ఎర్త్ లేని ఇంట్లో రేపు గీజరో మోటారో నిజంగా లీకైతే ఇలా ఊరుకోదు, కాబట్టి చెప్పులతో సరిపెట్టుకోకండి.

ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్ చూడండి, మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి ఉంటే దోషం అక్కడే. అది కాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఆ సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడమనండి, 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకి మించకూడదు. బొగ్గూ ఉప్పూ వేసిన పాత ఎర్త్ గుంత అయితే వేసవిలో ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి ఒక ముక్క వైరు కలిపి ‘అయిపోయిందమ్మా’ అంటారు. ఆ పని చస్తే చేయనివ్వకండి, ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే క్యాబినెట్ మీదికి మొత్తం ఫేజ్ వచ్చేస్తుంది. ఎర్త్ బాగయ్యేదాకా టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపేటప్పుడు రెండిటి ప్లగ్గులూ పీకి కలపండి, లేకపోతే పోర్టు కాలే ప్రమాదం ఉంది.

అన్నట్టు యూపీఎస్ పెట్టుకున్నా ఎర్త్ బాధ తీరదు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు, మీ కంప్యూటర్‌కి చాలు, పని సేవ్ చేసి ఆపుకోడానికి సరిపడా టైమిస్తుంది, అంతే దాని పని.

ప్రశ్న: ఏడాది క్రితం రాసుకున్న లిస్టుకి ఇప్పుడు ధర అడిగితే ర్యామ్ దగ్గరే గుండె గుభేలుమంది. ఆగితే తగ్గుతుందా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పని ఆగదనుకుంటే ఆగకండి. 2025 చివర్లో మొదలైంది ఇది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసేది ప్రధానంగా మూడు కంపెనీలు – శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎంత ధరైనా పెట్టి కొంటున్నాయి కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మనబోటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీలకీ ఆ సెగ తగిలింది.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో డీడీఆర్4 ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంటే దాన్ని పీకి వాడుకోండి, డీడీఆర్4 బోర్డు కొనడానికి ఇప్పుడు ఇదే పెద్ద కారణం. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, ఇందులో పట్టదు. సెకండ్ హ్యాండ్‌లో నేను భయపడకుండా కొనమనేది కూడా ర్యామ్‌నే, అందులో అరిగేదేమీ లేదు. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాము నడిపి ఒక్క ఎర్రర్ కూడా రాకపోతే ఉంచుకోండి, వస్తే తిరిగి ఇచ్చే ఒప్పందం మీద కొనండి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ మాత్రం వద్దు.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అన్నయ్య సంక్రాంతికి వస్తూ భాగాలు తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ లాంటి చిన్నవైతే సరే. గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు వద్దంటాను, చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, పాడైతే మళ్లీ అన్నయ్య వచ్చేదాకా ఆగాలి. అక్కడి పాత ఎస్‌ఎంపీఎస్ ఏదైనా తెస్తే వెనక 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి, అది 115 మీద ఉండగా మన ప్లగ్గులో పెడితే ఢామ్మంటుంది.

ప్రశ్న: ఎప్పుడూ స్క్రూడ్రైవర్ పట్టనివాణ్ని, నేనే బిగించుకోవచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, కడప

జవాబు: నిక్షేపంగా. ఒక మధ్యాహ్నం పని. ప్రాసెసర్ మూల మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, సాకెట్ మీదా ఉంటుంది, రెండూ కలిపితే అదే జారి కూర్చుంటుంది, నొక్కాల్సి వచ్చిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వేలు తగలనివ్వకండి, ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లని సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్థానాల్లో పెట్టాలి, టక్కుమనేదాకా నొక్కాలి. మొదటిసారి బోర్డు విరుగుతుందేమో అనిపిస్తుంది, విరగదు. క్యాబినెట్‌లో బోర్డు కింద ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు (బోర్డుని రేకుకి ఎత్తుగా పట్టే చిన్న ముక్కలు) బిగించడం మరవకండి, బోర్డు నేరుగా రేకుకి తగిలితే షార్ట్ అవుతుంది. డబ్బాలన్నీ, జీఎస్టీ బిల్లూ దాచండి, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి.